రెండు ఆటల మేటి – కోటా రామస్వామి

రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు గట్టు చేరడని పెద్దలు అంటారు. చేపట్టిన పనిమీద మనస్సు నిలపాలని చెప్పే మాట ఇది. చదువుకైనా, వృత్తికైనా, ఆటకైనా ఇది వర్తిస్తుంది. అయితే లోకంలో అప్పుడప్పుడు ఈ సామెతకు ఎదురు నిలిచి, రెండు పడవలనూ గట్టు చేర్చినవారు కనిపిస్తారు. అటువంటి అరుదైన క్రీడాకారులలో ఒకరు కోటా రామస్వామి. టెన్నిస్‌లోను, క్రికెట్‌లోను ఆయన భారతదేశానికి ప్రాతినిధ్యం వహించారు.

ఏ పాఠశాలలోనైనా చురుకైన ఆటగాడు ఒకడు ఉంటే అన్ని జట్లకూ అతడే కావాలి. ఖో-ఖో జట్టులోను అతని పేరే ఉంటుంది. కబడ్డీ జట్టులోను అతని పేరే ఉంటుంది. తాలూకా పోటీలలో ఆ రెండు ఆటలూ ఒకే రోజున వస్తే అతడు ఏమి చేయాలి? ఒక ఆటకు వెళితే రెండో జట్టు చిన్నబోతుంది. రెండింటికీ పరుగెత్తితే అలసట మిగులుతుంది. పరీక్షలు దగ్గరపడితే తల్లిదండ్రుల బెంగ వేరు. ఈ చిక్కు చిన్నదిగా కనిపించినా, కాలేజీలో చేరే మంచి క్రీడాకారులు దేశదేశాలలో నేటికీ ఎదుర్కొంటున్నది ఇదే. రామస్వామి జీవితంలో దీనికి కొంత సమాధానం దొరుకుతుంది.

ఆంగ్లేయుల పాలనలో క్రికెట్, టెన్నిస్, హాకీ, ఫుట్‌బాల్ ఆటలు వారి వెంటే మన దేశానికి వచ్చాయి. దండులు, రైలు కాలనీలు, గనుల ఊళ్ళు వాటికి నిలయాలయ్యాయి. కోలారు బంగారు గనులలో జాన్ టేలర్ కంపెనీ 1880లో పని ప్రారంభించింది. అక్కడి దొరలు తమ వినోదం కోసం క్లబ్బును, ఆటస్థలాలను ఏర్పరచుకున్నారు. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు ప్రాంతాలనుంచి వచ్చిన తెలుగు, తమిళ కుటుంబాలవారు భూగర్భంలో చెమటోడ్చేవారు. పగలంతా దొరలు ఆడుతుంటే చూసిన పిల్లలు సాయంత్రం తమ లైన్ల మధ్య ఖాళీ జాగాలో అవే ఆటలు ఆడుకునేవారు. గనులు 2001లో మూతపడ్డాయి. ఆటల మీద మక్కువ మాత్రం ఆ నేలను విడిచిపోలేదు.

బంగారుపేట మీదుగా సాగే రైలుమార్గం తూర్పున మద్రాసుకు చేరుతుంది. దక్షిణాదిన భారతీయుల క్రికెట్‌కు పుట్టినిల్లు ఆ నగరమే. నేడు దానిని చెన్నై అంటున్నాము. అక్కడ మైలాపూరు సమీపాన లజ్ ప్రాంతంలో ఒక సంపన్న తెలుగు కుటుంబం ఉండేది. ఆ ఇంటి పెద్ద మోదవరపు వెంకటమహీపతి నాయుడు. అందరూ ఆయనను బుచ్చిబాబు నాయుడు అని పిలిచేవారు. దక్షిణ భారత క్రికెట్ పితామహుడని ఆయనకు పేరు.

ఆ రోజులలో మద్రాసులోని క్రికెట్ క్లబ్బు ఆంగ్లేయులది. భారతీయ ఆటగాళ్ళు అక్కడికి ఆడడానికి వెళ్ళినా పెవిలియన్‌లో కూర్చునే గౌరవం వారికి లేదు. చెట్ల నీడలో కూర్చుని భోజనం చేయవలసి వచ్చేది. ఆటలో సమానులైనవారు భోజనం దగ్గర సమానులు కాకపోవడం బుచ్చిబాబుకు నచ్చలేదు. ఆయన తగవు పెట్టుకోలేదు. మరో దారి వెదికారు. 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్బును స్థాపించారు. భారతీయులు తమ మైదానంలో, తమ వసతులతో, తలెత్తుకుని ఆడే అవకాశం అలా ఏర్పడింది. భారతీయులకు, ఆంగ్లేయులకు మధ్య ఏటేటా ఒక పోటీ జరగాలని కూడా ఆయన కోరుకున్నారు. ఆ పోటీకి అన్నీ సిద్ధమవుతున్న 1908వ సంవత్సరంలోనే ఆయన కన్నుమూశారు. ఆయన సంకల్పం మాత్రం నిలిచింది. ప్రెసిడెన్సీ మ్యాచ్ పేరుతో ఆ పోటీ సంక్రాంతి రోజులలో చేపాక్ మైదానంలో దశాబ్దాలపాటు సాగింది. 1909లో మొదలైన బుచ్చిబాబు టోర్నమెంటు ఆయన పేరును నేటికీ నిలుపుతున్నది.

బుచ్చిబాబుకు ముగ్గురు కుమారులు. వారు వెంకటరామానుజులు, బాలయ్య, రామస్వామి. ముగ్గురూ క్రికెట్ ఆటగాళ్ళే. రామస్వామి 1896 జూన్ 16న జన్మించారు. తల్లి తరఫు కుటుంబానికి దత్తత వెళ్ళడంవల్ల ఆయన ఇంటిపేరు కోటా అయింది. అన్నలు మోదవరపువారు, తమ్ముడు కోటావారు. ఇంటిపేర్లు వేరైనా ముగ్గురినీ కలిపింది ఆటే. తండ్రి మరణించేనాటికి రామస్వామికి పన్నెండేళ్ళు. తండ్రి వదలి వెళ్ళిన ఆస్తిలో ఆ పిల్లవానికి అన్నిటికంటె విలువైనది మైదానమే అయింది.

రామస్వామి ఎడమచేతి వాటం బ్యాటుదారు. 1915 నాటికే ఆయన ప్రథమ శ్రేణి క్రికెట్‌లో అడుగుపెట్టారు. అదే కాలంలో టెన్నిస్ కూడా నేర్చుకున్నారు. ఈ రెండు ఆటల స్వభావాలు వేరు. క్రికెట్‌లో పదకొండుమంది ఒక జట్టు. ఒకరు విఫలమైనా మరొకరు ఆదుకోవచ్చు. బ్యాటుదారు ఒక్క పొరపాటు చేస్తే ఆ ఇన్నింగ్స్‌లో మరి అవకాశం ఉండదు. టెన్నిస్‌లో ఆదుకునే జట్టు లేదు. కాని ఒక బంతి పోయినా మరుక్షణంలో మరో బంతి వస్తుంది. పోగొట్టుకున్నది తిరిగి సంపాదించుకోవచ్చు. ఒకటి ఓర్పును కోరుతుంది. మరొకటి చురుకుదనాన్ని కోరుతుంది. బంతిని చివరిదాకా చూడడం, పాదాలను సమయానికి కదిలించడం మాత్రం రెండింటికీ అవసరమే. కాబట్టి ఒక ఆట సాధన రెండో ఆటకు పూర్తిగా వ్యర్థం కాదు.

మద్రాసులో రెండు ఆటలనూ కొనసాగించడం అసాధ్యం కాలేదు. క్రికెట్ పోటీలు నేటివలె ఏడాది పొడుగునా ఉండేవి కావు. కొన్ని ముఖ్యమైన పోటీలు, మిగిలిన రోజులలో క్లబ్బు ఆటలు. ఉదయం ఒక ఆట, సాయంత్రం మరొక ఆట ఆడేవారికి వీలుండేది. ఆటను జీవనోపాధిగా కాక ఇష్టంగా ఆడే కాలం అది. అటువంటి వీలు అందరికీ ఉండేది కాదు. ఇంటి కలిమి ఉన్నవారికే ఆ తీరిక దక్కేదన్న మాటను కూడా మరువరాదు.

1919లో రామస్వామి ఉన్నత విద్యకోసం ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడ పరిస్థితి మారింది. ఇంగ్లండులో చలి, వాన ఎక్కువ. పచ్చిక మీద ఆడే టెన్నిస్, క్రికెట్ రెండూ అక్కడ వేసవి ఆటలే. విద్యార్థులకు వేసవిలో దొరికే వారాలు కొద్ది. ఆ కొద్ది వారాలలోనే విశ్వవిద్యాలయ జట్ల ఎంపిక, పోటీలు, పరీక్షలు అన్నీ వస్తాయి. మద్రాసులో పక్కపక్కన నడిచిన రెండు పడవలు కేంబ్రిడ్జిలో ఒకే ఇరుకు కాలువలోకి వచ్చాయి. రామస్వామికి అక్కడ పేరు తెచ్చినది టెన్నిస్. విశ్వవిద్యాలయం తరఫున ఆడే గౌరవం ఆయనకు ఆ ఆటలోనే దక్కింది. విశ్వవిద్యాలయ క్రికెట్ జట్టులో ఆయన స్థానం పొందలేదు. క్రికెట్ కుటుంబంలో పుట్టినవానికి ఇది చిన్న విషయం కాదు. అయినా ఆయన క్రికెట్‌ను వదులుకోలేదు. దానికి రావలసిన కాలంకోసం వేచి ఉన్నారు.

దేశాల మధ్య జరిగే టెన్నిస్ పోటీలలో డేవిస్ కప్ ప్రసిద్ధమైనది. అది 1900లో ప్రారంభమైంది. భారతదేశం మొదటిసారి 1921లో అందులో పాల్గొన్నది. ఆ మరుసటి ఏడు, 1922లో, రామస్వామి భారత జట్టులో ఆడారు. ఫైజీతో కలిసి ఆయన జంటల ఆటలో బరిలోకి దిగారు. ఆ సంవత్సరం భారత జట్టు రుమేనియాను ఓడించి, తరువాత స్పెయిన్ చేతిలో ఓడిపోయింది. అప్పటికి భారతదేశానికి స్వాతంత్ర్యం లేదు. క్రికెట్‌లో టెస్టు హోదా కూడా లేదు. అటువంటి కాలంలో మన దేశం పేరుతో అంతర్జాతీయ పోటీలో నిలవడం గొప్ప విషయం. అప్పుడు రామస్వామి వయస్సు ఇరవైఆరు.

చదువు ముగించి ఆయన మద్రాసుకు తిరిగి వచ్చారు. మళ్ళీ చేపాక్ మైదానం, ప్రెసిడెన్సీ మ్యాచ్‌లు, క్లబ్బు ఆటలు మొదలయ్యాయి. ఏళ్ళు గడిచాయి. 1932 జూన్‌లో భారతదేశం తన మొదటి టెస్టు మ్యాచ్‌ను లండన్‌లోని లార్డ్స్ మైదానంలో ఆడింది. ఆ జట్టుకు నాయకుడు మరొక తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు. రామస్వామికి అప్పుడు పిలుపు రాలేదు. 1933–34లో ఇంగ్లండు జట్టు మన దేశానికి వచ్చినప్పుడు కూడా టెస్టు జట్టులో ఆయన పేరు లేదు. ముప్పైఏడేళ్ళు దాటిన ఆటగాణ్ణి ఎంపికదారులు ఇక తలచుకోరని ఎవరైనా అనుకుంటారు. రామస్వామి మాత్రం ఆడుతూనే ఉన్నారు. 1934లో రంజీ ట్రోఫీ మొదలయింది. అప్పటి మైసూరు సంస్థానం జట్టు తన మొదటి రంజీ మ్యాచ్‌ను మద్రాసుతోనే, చేపాక్‌లోనే ఆడింది. ఆ మ్యాచ్ ఒక్కరోజులోనే ముగిసింది. కోలారు అప్పుడు ఆ సంస్థానంలోని జిల్లాయే.

1936లో భారత జట్టు ఇంగ్లండు పర్యటనకు బయలుదేరింది. విజయనగరం మహారాజకుమార్ జట్టు నాయకుడు. ఆ జట్టులో నలభైయవ ఏట ఉన్న రామస్వామికి స్థానం దొరికింది. పర్యటన సజావుగా సాగలేదు. జట్టులో పొరపొచ్చాలు వచ్చాయి. మంచి ఆటగాడైన లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపివేశారు. లార్డ్స్‌లో జరిగిన మొదటి టెస్టులో భారత జట్టు తొమ్మిది వికెట్ల తేడాతో ఓడింది.

రెండో టెస్టు మాంచెస్టరులో 1936 జూలై 25న ఆరంభమైంది. ఆ రోజున రామస్వామి మొదటిసారి టెస్టు మైదానంలో అడుగుపెట్టారు. అప్పటికి ఆయనకు 40 సంవత్సరాల 39 రోజులు. భారత జట్టు తరఫున ఆయనకంటె ఎక్కువ వయస్సులో తొలి టెస్టు ఆడినవారు రుస్తుంజీ జంషెడ్జీ ఒక్కరే. మొదటి ఇన్నింగ్స్‌లో భారత జట్టు 203 పరుగులకే ఔటయింది. అందులో రామస్వామివి 40. ఇంగ్లండు 8 వికెట్లకు 571 పరుగులు చేసి ఆట ఆపింది. 368 పరుగులు వెనుకబడిన జట్టు ముందు ఓటమి నిలిచి ఉన్నది. అప్పుడు విజయ్ మర్చంట్, ముష్తాక్ అలీ మొదటి వికెట్టుకు 203 పరుగులు జోడించారు. ఇద్దరూ శతకాలు సాధించారు. ఆ రెండో రోజు ఆటలో రెండు జట్లూ కలిసి 588 పరుగులు చేశాయి. టెస్టు చరిత్రలో ఒక్కరోజులో ఇన్ని పరుగులు మరెన్నడూ రాలేదు.

శతకాల వెలుగులో ఇతరుల శ్రమ తరచుగా కనిపించదు. తొలి జోడి విడిపోయిన తరువాత వికెట్లు వరుసగా పడివుంటే ఆ రెండు శతకాలూ వృథా అయ్యేవి. రెండో ఇన్నింగ్స్‌లో రామస్వామి 60 పరుగులు చేశారు. భారత జట్టు 5 వికెట్లకు 390 పరుగులతో నిలిచింది. మ్యాచ్‌లో ఫలితం తేలలేదు. ఓడిపోవలసిన ఆటను దక్కించుకున్నవారిలో నలభై ఏళ్ళ కొత్త ఆటగాడు కూడా ఉన్నారు.

మూడో టెస్టు లండన్‌లోని ఓవల్ మైదానంలో ఆగస్టు 15న మొదలయింది. భారత జట్టు ఓడినా రామస్వామి 29 పరుగులు, ఆపై ఔటు కాకుండా 41 పరుగులు చేశారు. ఆయన ఆడిన టెస్టులు ఆ రెండే. నాలుగు ఇన్నింగ్స్‌లలో చేసిన పరుగులు 170. సగటు 56.66. పదేళ్ళు ముందుగా ఇటువంటి అవకాశం వచ్చివుంటే ఆయన ఎంత సాధించేవారో ఊహించవచ్చు. కాని అప్పటికి భారతదేశానికి టెస్టు జట్టే లేదు. అందువల్ల ఆ ఆలస్యానికి టెన్నిస్‌ను నిందించడం న్యాయం కాదు.

అదే పర్యటనలో రామస్వామితోపాటు మద్రాసునుంచి మరొక క్రీడాకారుడు వెళ్ళారు. ఆయన ఎం.జె. గోపాలన్. ఆయన కూడా రెండు ఆటల నిపుణుడే. క్రికెట్‌లో వేగంగా బంతి వేసేవారు. హాకీలో ధ్యాన్‌చంద్ నాయకత్వాన 1935లో న్యూజిలాండ్ పర్యటన చేశారు. 1936లో ఆయన ముందు రెండు దారులు నిలిచాయి. ఒకటి బెర్లిన్ ఒలింపిక్స్‌కు వెళ్ళే హాకీ దారి. రెండోది ఇంగ్లండుకు వెళ్ళే క్రికెట్ దారి. రెండూ ఒకే వేసవిలో వచ్చాయి. గోపాలన్ క్రికెట్‌ను ఎంచుకున్నారు. ఇంగ్లండులో ఆయనకు ఒక్క టెస్టులోనూ ఆడే అవకాశం రాలేదు. ఓవల్ టెస్టు మొదలైన ఆగస్టు 15నాడే బెర్లిన్‌లో భారత హాకీ జట్టు జర్మనీని 8–1 తేడాతో ఓడించి స్వర్ణపతకం గెలిచింది.

ఇద్దరూ ప్రతిభావంతులే. ఇద్దరూ ఒకే నగరంలో ఆడినవారే. మరి ఫలితాలు ఎందుకు వేరయ్యాయి? రామస్వామి టెన్నిస్‌కు, క్రికెట్‌కు మధ్య పద్నాలుగేళ్ళ ఎడం ఉన్నది. 1922లో ఆయన దేశం తరఫున టెన్నిస్ ఆడినప్పుడు టెస్టు క్రికెట్ అడ్డు రాలేదు. 1936లో క్రికెట్ ఆడినప్పుడు టెన్నిస్ అడ్డు రాలేదు. గోపాలన్‌కు రెండు పిలుపులూ ఒకేసారి వచ్చాయి. ఒకటి వదలక తప్పలేదు. ఆయన ఎంపిక తప్పని అనడానికి వీలులేదు. ఫలితం ముందుగా తెలిసినవారు ఎవరూ లేరు. ఒక మనిషిలో రెండు ఆటలకు సరిపడే శక్తి ఉండవచ్చు. కాని ఒక రోజుకు రెండు ఉదయాలు ఉండవు. రెండు ఆటలు ఆడవచ్చునా అనే ప్రశ్నకు సగం సమాధానం ఆటగాని చేతిలో ఉంటే, మిగిలిన సగం కాలం చేతిలో ఉంటుంది.

తరువాతి కాలంలో ఆటల తీరు మారింది. పోటీలు పెరిగాయి. శిక్షణ ఏడాది పొడుగునా సాగుతున్నది. దేశ జట్టుకు ఎదగగోరేవారు ఏదో ఒక వయస్సులో ఒకే ఆటను ఎంచుకోవలసి వస్తున్నది. అంతమాత్రాన చిన్ననాటినుంచే ఒక ఆటకు కట్టుబడాలని కాదు. బడిలో పలు ఆటలు ఆడిన పిల్లలకు శరీరం అన్నివిధాల వంగుతుంది. తమకు ఏది తగినదో తెలుస్తుంది. జట్టులో పేరు ఇచ్చిన తరువాత మాత్రం ఆ జట్టుకు మాట ఇచ్చినట్లే. రెండు జట్లకూ పేరు ఇచ్చి ఒకదానికి రాకపోతే, ఆ స్థానంలో ఆడగలిగిన మరో విద్యార్థి అవకాశాన్ని పోగొట్టినవారవుతారు. పోటీల తేదీలు ముందుగా తెలుసుకుని, ఉపాధ్యాయులతో మాట్లాడి నిర్ణయించుకోవడం ఉత్తమం.

రామస్వామి ఆట విరమించిన తరువాత కూడా క్రికెట్‌కు సేవ చేశారు. జాతీయ జట్టు ఎంపికదారులలో ఒకరుగా ఉన్నారు. 1953లో వెస్టిండీస్‌లో పర్యటించిన భారత జట్టుకు మేనేజరుగా వ్యవహరించారు. తన అనుభవాలను ఆంగ్లంలో గ్రంథంగా రాశారు. ఆటల పిచ్చివాని ముచ్చట్లు అనే అర్థం వచ్చేటట్లు దానికి పేరు పెట్టుకున్నారు. తనను తాను అలా పిలుచుకోగల సరసత ఆయనది.

ఆయన జీవితం ముగిసిన తీరు మాత్రం విషాదకరం. 1985 అక్టోబరులో, 89 ఏళ్ళ వయస్సులో, ఆయన మద్రాసులోని తమ ఇంటినుంచి బయటికి వెళ్ళారు. మళ్ళీ తిరిగి రాలేదు. ఎంత వెదకినా ఆచూకీ దొరకలేదు. కొన్నేళ్ళ తరువాత క్రికెట్ చరిత్రకారులు ఆయన మరణించినట్లుగా భావించి నమోదు చేశారు.

కోటా రామస్వామి పేరు నేటి పిల్లలకు అంతగా పరిచయం లేదు. ఆయనకు దక్కినవి రెండు టెస్టులు, ఒక ఏటి డేవిస్ కప్ పోటీలు మాత్రమే. అయినా ఇష్టపడిన ఆటను కాలం కలిసిరానప్పుడు పక్కన ఉంచి, దానిని మరువక, నలభై ఏళ్ళ వయస్సులో పిలుపు వచ్చినప్పుడు సిద్ధంగా నిలిచిన ఆయన ఓర్పు ఎన్నదగినది. రెండు పడవలనూ ఆయన ఒకేసారి నడపలేదు. ఒకదానిని నడుపుతున్నప్పుడు రెండోదానిని గట్టున భద్రంగా కట్టి ఉంచారు. అందుకే రెండూ మునగలేదు.

అభ్యాసం

అ. ఈ ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు రాయండి.
1. బుచ్చిబాబు నాయుడు మద్రాస్ యునైటెడ్ క్లబ్బును ఎందుకు స్థాపించారు?
2. కేంబ్రిడ్జిలో రెండు ఆటలనూ కొనసాగించడం ఎందుకు కష్టం?
3. మాంచెస్టరు టెస్టులో రామస్వామి చేసిన మేలు ఏమిటి?

ఆ. ఈ ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. రామస్వామి, గోపాలన్‌ల అనుభవాలను పోల్చి రాయండి.
2. మీ పాఠశాలలో రెండు జట్లకు ఎంపికైన విద్యార్థికి ఒకే రోజున రెండు పోటీలు వస్తే ఏమి చేయాలో కారణాలతో రాయండి.

ఇ. ఈ పదాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.
పుట్టినిల్లు, సంకల్పం, పొరపొచ్చాలు, ఆచూకీ, ఎన్నదగిన

ఈ. మీ ఊరిలో లేదా తాలూకాలో పేరు పొందిన ఒక క్రీడాకారుని గురించి పెద్దలను అడిగి తెలుసుకుని, తరగతిలో చెప్పండి.